గాలివాటున పోయి, మళ్లీ వచ్చేదెలా?

గాలి నింపే కయాక్‌కు చిన్న తెరచాప కట్టుకోవచ్చా అంటే, కట్టుకోవచ్చు. అందులో వింతేమీ లేదు. కాకపోతే ఈ విషయం మీద మాట మొదలైతే ఎంత వేగం వస్తుంది, ఏ కంపెనీ చాప మంచిది అన్న దగ్గరే ఆగిపోతుంది. చేపల కోసం నీళ్లలోకి దిగే మనిషికి అసలు లెక్క అది కాదు. గాలివాటున పోవడం ఎవరికైనా చేతనవుతుంది. తిరిగి రావడం ఎలా అన్నదాన్ని బట్టే చాప పనికొస్తుందో లేదో తేలుతుంది. అది పడవ చెప్పే సంగతి కాదు, నీళ్లు చెప్పే సంగతి. సముద్రపు ఒడ్డున దానికి ఒక జవాబుంది, ఏట్లో ఇంకొకటి. హైదరాబాద్ చుట్టుపక్కల జలాశయాల్లో వచ్చే జవాబు మాత్రం కొంచెం చేదు.

పాతబస్తీ దబీర్‌పురాలో ఉండేవాడికి పడవ గొడవ ఎందుకని అడగొచ్చు. మూసీ దగ్గర్లోనే ఉంది గానీ అందులో సరదాగా పడవ దించే రోజులు పోయాయి. పాత నగరపు గోడకు ఉన్న దర్వాజాల్లో ఈనాటికీ నిలిచినవి రెండే: ఒకటి పురానాపూల్ దగ్గరిది, రెండోది మా దబీర్‌పురాది. ఆ చుట్టుపక్కల గల్లీల్లో పన్నెండడుగుల గట్టి కయాక్ మలుపు తిరగదు, తిరిగినా ఇంట్లో దాన్ని పెట్టే చోటుండదు. గాలి నింపేదైతే మడిచి సంచిలో వేస్తే పదిహేను ఇరవై కిలోలు. ఆటోలో సీటు వెనక పడుతుంది. గాలం వేసే సరదా ఉన్న పాతబస్తీ మనిషికి అందే పడవ ఇదొక్కటే అనుకోవాలి. ఇక గాలి సంగతంటారా, సంక్రాంతికి డాబాలెక్కి పతంగులు ఎగరేసే పిల్లలకు ఏ నెలలో అది ఎటునుంచి వస్తుందో మనకంటే బాగా తెలుసు.

ముందు పడవ సంగతి కొంచెం. ఒక మనిషికి సరిపోయే కయాక్ సుమారు మూడు నుంచి మూడున్నర మీటర్ల పొడవు, మీటరుకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. రెండు పక్కలా పీవీసీ గొట్టాలు, మధ్యలో గాలి నింపిన అడుగు. అడుగు చదును. నీళ్లలోకి దిగేది తక్కువ, పైకి తేలేది ఎక్కువ. అందుకే చాప లేకపోయినా గాలి దాన్ని తోస్తూనే ఉంటుంది. వెనక అడుగున బిగించే రెక్క లేకపోతే ముక్కు తిన్నగా ఉండదు. రెక్క ఉన్నా ఎదురుగాలిలో వాలుగా కోసుకుంటూ పోవడం దీనివల్ల కాదు. హుస్సేన్‌సాగర్ పోటీల్లో కనిపించే లేజర్ పడవను చూడండి. 4.2 మీటర్ల పొడవుకు 7 చదరపు మీటర్ల చాప. దాని నడుమ నీళ్లలోకి నిలువుగా దించే పలక ఒకటుంటుంది. పక్కకు జారనివ్వనిది ఆ పలకే. దాని పుణ్యమా అని లేజర్ గాలికి ఎదురు మెలికలు తిరుగుతూ బయలుదేరిన చోటికి వస్తుంది. పిల్లలు నేర్చుకునే 2.3 మీటర్ల ఆప్టిమిస్ట్‌కు కూడా అలాంటి పలక ఉంది. మన కయాక్‌కు లేదు. అందుకే దాని మీద ఎంత ఖరీదైన చాప పెట్టినా పని ఒకటే: గాలి ఎటు పోతే అటు.

ఈ పనికి దొరికే చాపలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి గుండ్రటిది, ఎండకు కారు అద్దం వెనక పెట్టుకునే తెరలా మెలితిప్పి మడిచేది. చేతి పట్టు సడలిస్తే టప్పున విచ్చుకుంటుంది. అమెరికాలో విండ్‌ప్యాడిల్ పేరుతో వచ్చింది ఈ రకమే. రెండోది, రెండు కర్రల మధ్య గుడ్డ బిగించి పైకి తెరుచుకునేది. న్యూజిలాండ్ వాళ్ల పసిఫిక్ యాక్షన్ చాప ఈ కోవలోది. రెండో రకం గాలికి కాస్త పక్కగా కూడా లాగుతుంది. అయితే దాని కర్రలు నిలబడాలంటే కింద గట్టి ఆధారం కావాలి. గట్టి కయాక్‌లో అదొక సమస్యే కాదు. గాలి నింపిన దాంట్లో ముక్కు మెత్తగా వంగుతుంది, పట్టీలు కట్టే రింగులు జిగురుతో అతికించినవి. జోరుగాలికి ముందు ఊడేది గుడ్డ కాదు, ఆ రింగు. నా ఓటు గుండ్రటిదానికే. కారణం వేగం కాదు, ఒక్క చేత్తో లాగి ఒళ్లో పడేసుకోవచ్చు. ఆ మాటకొస్తే అన్నిటికంటే మంచి మొదటి చాప మన నల్ల గొడుగు. చెయ్యి వదిలితే పోయేది గొడుగే, మనిషి ఉంటాడు. ఇంట్లో టార్పాలిన్ ముక్కతో కుట్టుకున్నా తప్పులేదు గానీ తాడును పడవకు ముడివేయకూడదు. చేతిలోనే ఉండాలి.

ఇక తోపు ఎంత? గంటకు 18 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు చాప మీద పడితే, నిలిచి ఉన్న పడవను దాదాపు 1.8 కిలోల బరువంత బలంతో తోస్తుంది. గాలి రెట్టింపైతే బలం రెట్టింపవదు, నాలుగింతలవుతుంది. అంటే 36 కిలోమీటర్ల గాలికి ఏడు కిలోలు దాటుతుంది. చెరువు మీద ఈ రెండు గాలులకూ మధ్య ఒక్క మబ్బు అడ్డం వచ్చినంత తేడా. ఇందులోనే ఒక మోసం ఉంది. పడవ గంటకు 4 కిలోమీటర్ల వేగంతో గాలివాటున పోతుంటే చాపకు తగిలే గాలి 14 కిలోమీటర్లే, తోపు కిలోకు దిగుతుంది. మనిషి ముఖానికి గాలి తగలదు, నీళ్లు చదునుగా కనిపిస్తాయి, హాయిగా ఉంటుంది. వెనక్కి తిరిగిన మరుక్షణం అదే గాలి ఇరవైగా తగులుతుంది. ముప్పావుగంటలో 3 కిలోమీటర్లు పోయినవాడు తిరుగు దారిలో గంటకు కిలోమీటరున్నర తెడ్డు వేయగలిగితే గొప్ప. రెండు గంటలు, అదీ చేతులు నిలిస్తే. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే వచ్చిన దూరం మళ్లీ పోతుంది.

తెలుగు తీరంలో ఈ లెక్క ఎప్పుడో కుదిరింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం మీద పెద్ద పని చేసింది తెప్ప. తేలిక మాను దుంగలు మూడో నాలుగో ఐదో పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించేవారు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగల్ని విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవారు. నీళ్లు పీలిస్తే బరువెక్కి తేలడం తగ్గుతుంది గదా. రోజూ కట్టి రోజూ విప్పే పడవ అన్నమాట. ఆ పద్ధతిలో మన సంచి కయాక్‌కు దగ్గరి చుట్టం అదే తప్ప, హుస్సేన్‌సాగర్ లేజర్ కాదు. తెప్ప కూడా నీళ్లతో సమంగా, చదునుగా తేలుతుంది. దాని మీద నిలబడే కొయ్య, మూడు మూలల చాప.

ఆ చాప తెలివంతా సమయంలో ఉంది. రాత్రంతా నేల చల్లబడి, తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలికి చాపెత్తి లోపలికి పోయేవారు. పొద్దెక్కేకొద్దీ నేల కాగుతుంది, గాలి ఆగుతుంది, మధ్యాహ్నానికి సముద్రం నుంచి ఒడ్డు వైపు తిరుగుతుంది. ఆ గాలికి చాపెత్తి చేపలతో తిరిగొచ్చేవారు. పోయేటప్పుడూ గాలివాటే, వచ్చేటప్పుడూ గాలివాటే. వల వేసి తీసే పని ఆ రెండు గాలుల మధ్య నిశ్శబ్దంలో సరిగ్గా ఇమిడేది. తెప్పవాళ్లకు పక్కగాలికి పోవడం రాదని కాదు. పక్క పలకలు దించి, తెడ్డుతో సర్దుకుంటూ వాలుగా కూడా నడిపేవారు. అయినా వాళ్ల రోజును నడిపింది ఈ తిరిగే గాలే. అది తిరగని రోజుల్లో, తుఫాను చేరువైన రోజుల్లో, తెప్ప ఇసుకలోనే ఉండేది. తర్వాత ఫైబర్ పడవలూ మోటార్లూ వచ్చాయి. గాలి తిరిగేదాకా ఆగాల్సిన పని లేకుండా పోయింది. 1973లోనూ 1979లోనూ చమురు ధరలు ఎగబాకినప్పుడు చేపల పడవలకు మళ్లీ చాపలు కట్టాలన్న ఆలోచన ప్రపంచమంతా కాసేపు నడిచింది. మోటారు రుచి మరిగినవాళ్లు వెనక్కి పెద్దగా రాలేదు. వాళ్లను తప్పుపట్టలేం.

ఏట్లో ఇంకో ఉపాయం. నైలు నది ఉత్తరానికి పారుతుంది, అక్కడి గాలి ఎక్కువ రోజులు ఉత్తరం నుంచే వీస్తుంది. ఎగువకు చాపెత్తి పోయి, చాప దించి ప్రవాహంతో దిగి వస్తారు. ఈజిప్టు వేల ఏళ్లు అలా బతికింది. గోదావరి డెల్టా కాలువల్లో అంత సుఖం లేదు. గాలి అనుకూలిస్తే చాపెత్తేవారు, లేకపోతే మనుషులు దిగి గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవ లాగేవారు. గాలివాటు చాపకు తోడు ఇంకేదో ఉండాలన్నది ఆ గట్టు మీది బాటల్లోనే కనిపిస్తుంది. గాలి తిరగాలి, లేదా నీరు తిప్పాలి, లేదా మనుషులు లాగాలి.

ఇవేవీ లేకుండా పోయినవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచి వైద్యుడు అలైన్ బొంబార్ 1952లో కెనరీ దీవుల నుంచి బార్బడోస్‌కు అట్లాంటిక్ దాటింది 4.6 మీటర్ల గాలి నింపిన పడవలో, చిన్న చాపతో. 65 రోజులు పట్టింది. నాలుగేళ్ల తర్వాత జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమన్ మడతపెట్టే క్లెప్పర్ కయాక్‌లో చాపతో 72 రోజుల్లో అదే సముద్రం దాటాడు. ‘చూడండి, గాలి పడవకు చాప కడితే సముద్రమే దాటొచ్చు’ అని చెప్పడానికి ఈ రెండు పేర్లూ తరచు వాడుతుంటారు. వాళ్లిద్దరూ పోయింది ఎప్పుడూ ఒకే వైపు వీచే వాణిజ్య పవనాల మీద. వెనక్కి రావాల్సిన అవసరం లేదు. చేపలు పట్టి సాయంత్రానికి ఇంటికొచ్చే మనిషికి అందులో నేర్చుకోవాల్సింది ధైర్యం కాదు, పటం చూడటం.

సరే, పటమే చూద్దాం. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. పెద్ద తెరచాప పోటీలు ఎక్కువగా ఆ నెలల్లో పెట్టుకునేది అందుకే. మన జలాశయాలన్నీ ఒకే వాలులో ఉన్నాయి. మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది, కాబట్టి దాని మీది ఉస్మాన్‌సాగర్ కట్ట తూర్పున ఉంది, నీళ్లు పడమరకు పరుచుకున్నాయి. ఈసీ నది నైరుతి నుంచి వస్తుంది, హిమాయత్‌సాగర్ కట్ట ఈశాన్యంలో ఉంది. 1562 నాటి హుస్సేన్‌సాగర్‌కూ ట్యాంక్‌బండ్ తూర్పు ఒడ్డే. అంటే వానాకాలం గాలికి చాపెత్తితే అది తిన్నగా తీసుకెళ్లేది కట్ట దగ్గరికి. జలాశయం మొత్తంలో మనిషి ఉండకూడని చోటు అదే. లోతు ఎక్కువ, రాతి కట్టకు అల కొట్టి వెనక్కి ఎగుస్తుంది, కట్ట చేతికందేంత దగ్గరున్నా ఒడ్డెక్కే చోటు ఉండదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో తలపెట్టినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయ్యాయి. వాటికి వరుసగా పదిహేను, పదిహేడు గేట్లు. గాలి జోరుగా ఉండే నెలలూ గేట్లెత్తే నెలలూ ఒకటే కావడం కాకతాళీయం కాదు, రెండూ ఒకే రుతుపవనాలు తెచ్చేవి. గేట్లెత్తిన రోజు దిగువన మూసీ ఒడ్డున ఉన్న చాదర్‌ఘాట్, మూసానగర్ వాళ్లకు హెచ్చరికలు పోతాయి. పైన నీళ్లలో ఉన్నవాడికి ఎవరూ ఫోన్ చేయరు. అసలు అవి తాగునీటి జలాశయాలు కూడా, అనుమతి లేనిదే పడవ దించే చోట్లు కావన్నది అలా ఉంచండి.

సంక్రాంతి నాటికి గాలి తిరుగుతుంది. తూర్పు నుంచి వస్తుంది, పతంగికి సరిపడా ఉంటుంది. ఇప్పుడు చాప కట్ట నుంచి దూరంగా, పడమటి శిఖం భూముల వైపు తోస్తుంది. ఇది నయం అనిపిస్తుంది, ఎందుకంటే నీళ్లు తక్కువ లోతు. కానీ అక్కడ తుమ్మ ఉంది. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గినప్పుడు శిఖంలో మొలిచిన సర్కారు తుమ్మ, వానలకు నీళ్లెక్కినప్పుడు మునిగిపోతుంది. చచ్చిన కొమ్మ నీటి మట్టానికి బెత్తెడు కింద, పైకి ఏమీ తెలియకుండా, వేలెడు ముళ్లతో నిలబడి ఉంటుంది. తెడ్డు వేసుకుంటూ మెల్లగా పోయేవాడి గొట్టానికి అది గీరుకుంటుంది. చాపెత్తి బరువు మొత్తం తోపు మీద పోయేవాడికి గుచ్చుకుంటుంది. ముల్లు గుచ్చుకున్న చోట పెద్ద చప్పుడేమీ రాదు, బుడగలు వస్తాయి. గొట్టాలు మూడు విడి గదులుగా ఉన్న కయాక్ కొనమనేది ఇందుకే. మిగతా రెండు గదుల మీద మునగకుండా తేలొచ్చు, చాప మాత్రం ఇక దించాల్సిందే. ఇవి చాలవన్నట్టు పడవలోకి వచ్చే చేపలకూ ముళ్లున్నాయి. జెల్ల రెక్క ముల్లు, తిలాపియా వీపు ముళ్లు పీవీసీని క్షమించవు. గట్టి డబ్బా ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని పట్టిన చేపను నేరుగా అందులో వేయాలి.

మీర్‌ఆలం చెరువు దబీర్‌పురాకు అన్నిటికంటే దగ్గర. జూపార్కు పక్కన ఇరవై ఒక్క కమానులతో నిలిచిన ఆ రెండొందల ఏళ్ల నాటి కట్ట గురించి ఎంత చెప్పినా తక్కువే, ఇంజనీరింగు మీద వేరే వ్యాసం రాయాలి. మన పనికి అక్కడ అడ్డం గుర్రపుడెక్క. దాని ఆకులు నీళ్లపైకి లేచి నిలబడతాయి, ఒక్కో ఆకూ చిన్న చాపే. గాలి మనల్ని ఏ ఒడ్డుకు తోస్తుందో ఆ మొక్కల్నీ అక్కడికే ముందుగా చేరుస్తుంది. చాపెత్తి హాయిగా వచ్చినవాడు చివరి యాభై గజాల్లో దాంట్లో ఇరుక్కుంటాడు. అడుగున రెక్కకు వేళ్లు చుట్టుకుంటాయి, తెడ్డు ఎత్తితే పచ్చటి బరువు లేస్తుంది. వెనక్కి రాలేడు, దిగలేడు. ఆ రెక్క లేకుండా చాప పనిచేయదు, రెక్కతో ఈ చెరువులో తేలడం కష్టం. దీనికి పరిష్కారం నాకు తోచలేదు.

అందుకే మన చెరువుల మీద బతికేవాళ్లు చాప జోలికి పోలేదనుకుంటాను. లారీ ట్యూబు మీద కూర్చుని వల వేసేవాళ్లున్నారు. థర్మాకోల్ దిమ్మె మీద కాళ్లు మడిచి, రెండు చేతుల్లో రెండు చిన్న చెక్కలతో నీళ్లు తోసుకుంటూ పోయేవాళ్లున్నారు. కృష్ణ మీద పుట్టి ఉంది. ఇవన్నీ గాలివాటు చాపకు అచ్చంగా సరిపోయే ఆకారాలే, ఎందుకంటే వీటిలో దేనికీ ఎదురుగాలికి పోయే పలక లేదు. గుడ్డ దొరక్క కాదు వాళ్లు కట్టనిది. గాలి తిరగని నీళ్లలో, బరువెక్కిన వలతో, వెనక్కి తెడ్డు వేయాల్సింది తామేనని వాళ్లకు తెలుసు.

మరి ఈ చాపను పూర్తిగా పక్కన పెట్టాలా? అక్కర్లేదు. రోజుకు ఒక లెక్క ఉంది. ఇక్కడ తెల్లవారుజామున గాలి పడుకుని ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ లేస్తుంది. కాబట్టి ఎదురుగాలి దిక్కుకు పొద్దున్నే, అది లేవకముందే, తెడ్డు వేసుకుంటూ పోవాలి. చేపల పని అక్కడ చూసుకోవాలి. చేతులు అలిసి గాలి లేచాక చాప విప్పి ఇంటిదారి పట్టాలి. బయలుదేరిన చోటు గాలికి కింది ఒడ్డున ఉండాలన్నమాట. వానాకాలంలో ఆ ఒడ్డు కట్ట పక్కదే గనక, కట్టకు దూరంగా, వాలుగా ఇసుకో గడ్డో ఉన్న పక్క ఒడ్డు ముందే వెతికి పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు మాత్రం వద్దే వద్దు. ఉరుము వినపడేలోపే దుమారం నీళ్ల మీదికి వస్తుంది. మే ఎండలో ఒడ్డున ఆరబెట్టిన గొట్టాలు ఉబ్బి అతుకులు విచ్చుకుంటాయి కూడా. కాస్త గాలి తీసి నీడకు లాగాలి. లైఫ్ జాకెట్ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. చాప ఉన్నప్పుడు కాలికీ పడవకూ మధ్య తాడు ఒకటి కూడా ఉండాలి. మనిషి పడిపోతే చాపెత్తిన ఖాళీ కయాక్ ఈతగాడికి అందదు.

చేపల పనికి వస్తే ఇంకో సంగతి. గాలం వేసి కూర్చున్నవాడికి కావాల్సింది వేగం కాదు, నిదానం. చాప లేకుండానే గాలి కయాక్ జారిపోతుంటుంది, ఎర నీళ్ల మధ్యకు తేలిపోతుంది, అడుగున తిరిగే బంగారుతీగకు అది కనిపించదు. వెనక తాడుకు ఒక బకెట్ కట్టి నీళ్లలో వదిలితే పడవ దాన్ని ఈడుస్తూ నెమ్మదిస్తుంది. డబ్బులు చాపకా బకెట్‌కా అంటే, ముందు బకెట్. నీటిపైన ఎరను మెల్లగా ఈడుస్తూ కొర్రమీను కోసం తిరిగేటప్పుడు మాత్రం చిన్న చాప అక్కరకొస్తుంది. రెండు చేతులూ గాలం మీద ఉంటాయి గదా.

తెలుగు నేలలో గాలివాటు చాపకు నిజంగా సొంతిల్లు ఎక్కడంటే, నా లెక్కన పులికాట్. ఉప్పునీటి సరస్సు, చాలాచోట్ల లోతు మనిషి నడుముకు మించదు. గాలి సముద్రం నుంచి మధ్యాహ్నం లేస్తుంది, తెల్లవారుజామున తిరుగుతుంది. గట్టున తుమ్మ ఉండొచ్చు, జలాశయాల్లోలా రాతి కట్ట లేదు, గేట్లు లేవు. మత్స్యకారులు చాపలెత్తి నావలు నడిపిన నీళ్లు అవి. నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే గూడూరు, అక్కడి నుంచి సూళ్లూరుపేట ఎంతో దూరం లేదు. ఇరవై కిలోల సంచి బెర్తు కింద పడుతుంది. పోయేముందు ఒక పని: సరస్సులో చాలాభాగం పక్షుల అభయారణ్యం, చలికాలంలో ఫ్లెమింగోలు దిగేది అక్కడే. ఏ వైపు దిగొచ్చో అటవీశాఖను అడగాలి, మిగతా నీళ్లలో ఎవరి వల ఎక్కడుందో ఊళ్లో మత్స్యకారుల్ని అడగాలి. వలల మీదుగా అడుగు రెక్కతో చాపెత్తి పోయినవాణ్ని ఏ రేవులోనూ ఆదరించరు.